పద్నాలుగున్నర అంగుళాల పడక

మనిషన్నాక ఏదో ఒకదానికి భయపడాలి కాబట్టి సీతారామయ్య దూలానికి భయపడేవాడు. పాములకు భయపడలేదు, పై అధికారులకు భయపడలేదు. ఒకసారి బిట్రగుంట యార్డులో ఇంజను పట్టాలు తప్పి తనవైపే వస్తుంటే పక్కకు దూకి, చేతిలోని సుత్తి ఎక్కడ పడిందా అని వెతుక్కున్నాడే తప్ప భయపడలేదు. కానీ పడుకున్నప్పుడు నెత్తిన దూలం ఉందంటే మాత్రం ఆయనకు కన్ను మూతపడేది కాదు. దూలం కింద పడుకుంటే అరిష్టమని, కడుపుతో ఉన్నవాళ్ళు పడుకుంటే మరీ చేటని చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడు. చెప్పినాయన ఆ పూట భోజనం అయ్యేలోపు మర్చిపోయే ఉంటాడు. విన్నవాడు మర్చిపోలేదు.

చుట్టాలింటికి వెళ్తే చెప్పులు విప్పకముందే పైకి చూసేవాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళి సత్రంలో నిద్రపోతున్న వాళ్ళను చాపలతో సహా పక్కకు ఈడ్చి, ముఖం వాచేలా చీవాట్లు తిన్నాడు. తన శోభనం గదిలో కూడా ఆయన మొదట చేసిన పని మంచాన్ని ఈడ్చడమే. గచ్చు మీద మంచం కోళ్ళు చేసిన ఆ చప్పుడుకు బయట ఉన్న ఆడవాళ్ళు ఏమనుకున్నారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆయన భార్య అనంతలక్ష్మికి తెలుసు. మర్నాడు పొద్దున తల ఎత్తుకోలేక చచ్చింది పాపం.

ఆయన ఉద్యోగం రైల్వేలో ట్రెయిన్ ఎగ్జామినర్. రైలు వచ్చి ఆగగానే పెట్టెల పక్కన నడుస్తూ ఒక్కొక్క చక్రాన్ని సుత్తితో కొట్టి, మోతను బట్టి అది బాగుందో, పగులు పట్టిందో చెప్పాలి. గంటలా మోగితే మంచిది. బొంగురుగా పలికితే పెట్టెను విడదీసి పక్కన పెట్టాలి. పగిలిన చక్రాన్ని బాగుందని చెప్పిన పాపం ఆయన ఒక్కసారి కూడా చేయలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనుంది.

రిటైరయ్యాక, 1984 ఎండాకాలంలో, ఇద్దరూ నేపర్‌విల్‌లో ఉన్న మీనా దగ్గరికి వచ్చారు. మీనా వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అప్పుడు ఆమెకు నాలుగో నెల. అంతకు ముందు ఏడు కూడా ఆమె కడుపుతో ఉంది. అయిదో నెలలో పోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకుండా ఉండడానికి అందరూ ఎంత గట్టిగా మాట్లాడుకునేవాళ్ళంటే, ఉప్పు డబ్బా అడగాలన్నా కేక పెట్టినట్టు అడిగేవాళ్ళు.

సీతారామయ్య ఇంట్లో అడుగుపెట్టి అలవాటుగా పైకి చూశాడు. తెల్లగా, నున్నగా, చలిమిడి పరిచినట్టు సీలింగు. దూలం లేదు. పక్క గది చూశాడు, లేదు. మెట్లెక్కి మేడమీది గదులు చూశాడు, ఎక్కడా లేదు. ఆయనకు ఆ దేశం మీద అక్కడికక్కడే గౌరవం పుట్టింది. ఆకాశమంత ఎత్తు భవనాలు, గీత గీసినట్టు రోడ్లు ఆయనకు ఆనలేదు. దూలాలు లేకుండా ఇళ్ళు కట్టారు చూశావా, అదీ గొప్ప, అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. పెళ్ళయ్యాక మొదటిసారి మంచాన్ని ఈడ్చకుండా పడుకుని గుర్రు పెట్టాడు.

ఆ సుఖం జూన్ దాకా ఉంది. మీనాకు ఉక్కపోస్తోందని అల్లుడు శ్యామ్‌సుందర్ ఒక సీలింగ్ ఫ్యాన్ కొనుక్కొచ్చాడు. అతను టెలిఫోన్ల ల్యాబ్‌లో ఇంజనీరు, నెమ్మదైన మనిషి. శనివారం పొద్దున కుర్చీ ఎక్కి, తల ఒక పక్కకు వంచి, పిడికిలితో సీలింగును తడుతూ ఉంటే సీతారామయ్య కాఫీ గ్లాసుతో వచ్చాడు.

"ఏంది అల్లుడూ, పైన ఎవరన్నా ఉన్నారా?"

"లేదు మామయ్యగారూ, జాయిస్ట్ కోసం చూస్తున్నాను. ఫ్యాన్ హెవీ కదా, ఉత్త డ్రైవాల్‌కి స్క్రూ చేస్తే ఊడి పడుతుంది. జాయిస్ట్‌లోకే డ్రిల్ చేయాలి."

"జాయిస్ట్ అంటే?"

"అదే… దూలం."

సీతారామయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఈ ఇంట్లో దూలం ఎక్కడిది? నున్నగా ఉంటే!"

"లోపల ఉంటుంది మామయ్యగారూ. ఈ తెల్లది ఉత్త అట్టలాంటిది. దూలాల కింద పెట్టి మేకులు కొట్టేస్తారు. సిక్స్‌టీన్ ఇంచెస్‌కి ఒకటి చొప్పున వరసగా ఉంటాయి."

"ఈ గదిలోనా?"

"అన్ని రూముల్లోనూ."

"మీనా పడుకునే గదిలో?"

"అక్కడా ఉంటాయి."

"పోయినేడు కూడా ఉన్నాయా?"

"దూలాలు ఇంటితోనే వస్తాయి మామయ్యగారూ," అని నవ్వబోయి, మామగారి మొహం చూసి శ్యామ్‌సుందర్ ఆపేశాడు.

సీతారామయ్య మెట్ల మీద కూలబడ్డాడు. ఏడాదిగా ఆయన ఒకే ప్రశ్న మోస్తున్నాడు. నా బిడ్డకే ఎందుకిట్టా అయింది? డాక్టరు కారణమేమీ లేదన్నాడట. చక్రం పగిలిందంటే దానికో కారణం ఉండే దేశం నుంచి వచ్చిన మనిషికి ఆ జవాబు సరిపోలేదు. ఇప్పుడు దొరికింది కారణం. కొయ్యముక్క! దాని కిందే బిడ్డ నెలల తరబడి పడుకుంది. ఆయనకు దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, ఆ రెంటి వెనక, సిగ్గుచేటైనా చెప్పాలి, కొంచెం తెరిపి కూడా వచ్చింది. పోట్లాడడానికి ఎదురుగా ఒకటి దొరికింది కదా. పైగా మీనాకు అయిదో నెల రాబోతోంది.

"ఫ్యాను సంగతి తర్వాత," అన్నాడు లేచి. "ముందు ఈ దొంగలందరూ ఎక్కడెక్కడ నక్కారో నాకు తెలియాలి."

శ్యామ్‌సుందర్ దగ్గర అప్పుడే బజార్లోకి వచ్చిన ఒక పరికరం ఉంది. గోడ మీద జరుపుతూ పోతే లోపల కొయ్య ఉన్నచోట ఎర్ర దీపం వెలగాలి. అతను దాన్ని సీలింగుకు ఆనించి జరిపాడు. వెలిగింది. ఇంకొంచెం జరిపాడు. అక్కడా వెలిగింది. గది ఈ మూల నుంచి ఆ మూలదాకా దీపావళిలా వెలుగుతూనే ఉంది. దాని లెక్క ప్రకారం ఆ ఇంటికి పైన ఉన్నదంతా ఒకే ఒక్క దూలం, ఇల్లంత వెడల్పుది.

"దాన్ని అవతల పెట్టు," అని సీతారామయ్య కుర్చీ ఎక్కాడు. వేలి కణుపుతో తట్టాడు. డొల్లగా, డబ్బా మీద కొట్టినట్టు మోగింది. కొంచెం జరిగి తట్టాడు. డొల్ల. ఇంకొంచెం జరిగి తట్టాడు. ఈసారి మోత బిగుసుకుంది, నిండు బస్తా మీద కొట్టినట్టు. ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని దారానికి కట్టి కర్రకు వేలాడదీసి ఆ చోటు దగ్గరికి తెచ్చాడు. అది చటుక్కున ఎగిరి సీలింగుకు అతుక్కుంది. సున్నం కింద మేకు తల ఉంది. అదే గీతలో ముందుకు పోతే ఇంకో మేకు, ఇంకో మేకు. "ఇదుగో వీడు. ఇట్టా పడమరకు పోతున్నాడు," అన్నాడు సీతారామయ్య, నిగనిగలాడే కళ్ళతో. ఒక దూలం దొరికాక మిగతావాటికి తట్టే పని కూడా లేదు. పదహారు అంగుళాలు కొలుచుకుంటూ పోవడమే. అయినా ఆయన ప్రతిదాన్నీ తట్టాడు, చక్రాలను తట్టినట్టు, దేన్నీ వదలకుండా.

నాలుగైదు రోజుల్లో ఇల్లంతా, మేడమీదా కిందా, సీలింగుల మీద కాగితం టేపు చారలు వెలిశాయి. కేకు ఇవ్వడానికి వచ్చిన పక్కింటి అమెరికన్ ఆవిడ పైకి చూసి పెయింట్ వేయిస్తున్నారా అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక మీనా అవునంది. ఆ తర్వాత ఆవిడ కనబడినప్పుడల్లా పెయింట్ ఎంతవరకు వచ్చిందని అడిగేది. మా నాన్నకు ప్రతిదీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలండీ, అని మీనా మూడు నెలలు నెట్టుకొచ్చింది.

టేపులు వేశాక అసలు కష్టం బయటపడింది. దూలానికీ దూలానికీ నడుమ పదహారు అంగుళాలు. అందులో కొయ్య మందం ఒకటిన్నర తీసేస్తే మనిషి నిర్భయంగా పడుకోవడానికి మిగిలేది పద్నాలుగున్నర. సీతారామయ్య భుజాలే అంతకన్నా వెడల్పు. అనంతలక్ష్మి సంగతి మనం మాట్లాడుకోకపోవడమే మర్యాద.

అయినా పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. ఇంట్లో వెతగ్గా వెతగ్గా సరిగ్గా ఆ వెడల్పు ఉన్న వస్తువు ఒకటే దొరికింది, ఇస్త్రీ బల్ల. కాళ్ళు మడిచి, రెండు టేపుల నడుమకు కిందగా నేల మీద పరిచి, దాని మీద దుప్పటి వేసుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు. భార్యకు ఇంకొకటి కొనిపించాడు. రెండు బల్లలనూ పక్కపక్కన వేయడానికి లేదు, నడుమ దూలం అడ్డం. అందుకని ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా వేశాడు. ఆయన కాళ్ళ దగ్గర ఆమె తల.

"ముప్ఫై ఏళ్ళ కాపరంలో మీ పాదాలు ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదండీ," అంది అనంతలక్ష్మి. "చూడాలని కూడా అనుకోలేదు." రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు తన దిండు చంకన పెట్టుకుని మంచమెక్కింది. "నా ఆయుష్షు నా ఇష్టం. ఎన్ని దూలాలున్నా సరే, నేను వెల్లకిలా పడుకుంటాను." ఆవిడ బల్లను కూడా కాళ్ళ కిందికి కలుపుకుని ఆయన ఒంటరిగా మిగిలాడు. ఆవిడకు కోపం కన్నా బాధ ఎక్కువ వేసింది. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా వాళ్ళు వేరుగా పడుకున్నది లేదు.

మీనాను ఇస్త్రీ బల్ల ఎక్కమనడానికి ఆయనకు కూడా నోరు రాలేదు. అందుకని బేరానికి దిగాడు. తల మీద దూలం ఉన్నా పర్వాలేదు, కాళ్ళ మీద ఉన్నా పర్వాలేదు, కడుపు మీద మటుకు వద్దు. ఆ లెక్కన మంచం జరపగా జరపగా అది గది నడుమ ఏటవాలుగా, బట్టల అల్మరా తలుపుకు అడ్డంగా నిలిచింది. శ్యామ్‌సుందర్ చొక్కా తీసుకోవాలంటే మంచం ఎక్కి అటు దిగాలి. ఆ చొక్కా కూడా నలిగిందే, బల్లలు రెండూ మామగారి కింద ఉన్నాయి కాబట్టి. ల్యాబ్‌లో వాళ్ళు అతనికి ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని జాలిగా చూసేవాళ్ళు. "ఆయన పీస్‌ఫుల్‌గా ఉంటే చాల్లే," అనేవాడు మీనాతో. నాన్న ఎందుకిలా చేస్తున్నాడో ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే ఆయన ఎలా పడుకోమంటే అలా పడుకుంది.

ఇంతలో కొండల్ రావు వచ్చాడు. ఆయనది వరంగల్, నాలుగు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటున్నాడు. కాఫీ తాగుతూ పైకి చూసి, "గా మీద ఏందయ్యా, పట్టీలు వేసిండ్రు? ఇంటికి దెబ్బ తగిలిందా?" అన్నాడు. సీతారామయ్య చెప్పాడు. కొండల్ రావుకు అంతవరకూ దూలాల భయం లేనే లేదు. అయిదు నిమిషాల్లో పట్టుకుంది. కప్పులో సగం కాఫీ వదిలేసి లేచాడు. "ఏడాది సంది నేను ఎన్ని దూలాల కింద పండుకున్ననో! గందుకే మోకాళ్ళు గుంజుతున్నయ్."

ఆ ఆగస్టులో నేపర్‌విల్ దుకాణాల్లో ఇస్త్రీ బల్లలు ఎందుకు ఖాళీ అయ్యాయో దుకాణాల వాళ్ళకు అంతుపట్టి ఉండదు. ఆదివారం వస్తే సీతారామయ్యకు ఊపిరాడేది కాదు. ఎవరో ఒకరు కారులో వచ్చి ఎక్కించుకుపోయేవాళ్ళు. సగం మంది పెద్దవాళ్ళు, దూలం ఎక్కడ లేదో చూపించమనేవాళ్ళు. సగం మంది వాళ్ళ పిల్లలు, వెంకటేశ్వరస్వామి పటమో, పుస్తకాల అరో, ఫ్యానో బిగించడానికి కొయ్య ఎక్కడ ఉందో చూపించమనేవాళ్ళు. ఒకే ఇంట్లో తండ్రికి కొయ్య వద్దు, కొడుక్కి కొయ్య కావాలి. ఇద్దరికీ ఆ ఒక్క వేలి కణుపే దిక్కు. ఆయన తట్టి చూపించిన చోట బిగించిన పటం ఒక్కటి కూడా కిందపడలేదు. తట్టి చూపించిన చోట పడుకున్న ముసలాళ్ళకు మాత్రం నడుములు పట్టేశాయి.

అయిదో నెల గడిచింది. ఆ నెలంతా ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి మంచం కోళ్ళు కదిలాయేమో చూసి వచ్చేవాడు. ఆరో నెల వచ్చింది, ఏడూ ఎనిమిదీ వచ్చాయి. నవంబరులో మీనాకు ఆడపిల్ల పుట్టింది, పచ్చగా, ఆరోగ్యంగా, వాళ్ళ తాతలాగే పెద్ద గొంతుతో. సీతారామయ్య ఆసుపత్రి నుంచి వచ్చి మేడమీది సీలింగును చూస్తూ, "ఎట్టుంది?" అన్నాడు. యుద్ధం గెలిచినవాడి నవ్వు అది.

ఇరవయ్యొకటో రోజు బారసాల. అనంతలక్ష్మి ముందుగానే అన్నీ సిద్ధం చేసుకుంది. వసుమతి అనే స్నేహితురాలి ఇంటి నుంచి కొయ్య ఉయ్యాల తెప్పించింది, గొలుసులు తోమించింది. దాన్ని హాలు నడుమ సీలింగుకు వేలాడదీయాలి. నలుగురూ వస్తారని మీనా టేపులన్నీ ముందురోజే పీకేసింది. సీలింగు మళ్ళీ చలిమిడిలా నున్నగా ఉంది.

"మామయ్యగారూ," అన్నాడు శ్యామ్‌సుందర్, డ్రిల్ చేతపట్టుకుని. "జాయిస్ట్ ఎక్కడో మీరు చూపిస్తే నేను హుక్ పెట్టేస్తాను."

సీతారామయ్య పైకి చూశాడు. ఇన్నాళ్ళూ పడుతూ లేస్తూ బిడ్డను ఏ కొయ్య కిందనుంచి తప్పించాడో, ఇప్పుడు ఆ బిడ్డ బిడ్డను తీసుకెళ్ళి సరిగ్గా దాని కిందే పడుకోబెట్టాలి. పక్కకు కాదు, దగ్గరకు కాదు, నడినెత్తిన. వద్దంటే బారసాల ఆగిపోతుంది. సరే అంటే… ఆయన అంతకు మించి ఆలోచించలేకపోయాడు. ఒక్క ఉపాయం తోచింది. హార్డ్‌వేర్ షాపులో ఆయన రెక్కల బోల్టులు చూశాడు, ఒకటి కొని దాచుకున్నాడు కూడా. డొల్లగా ఉన్నచోట కూడా లోపలికి దూర్చి తిప్పితే అట్ట వెనక రెక్కలు విప్పుకుని పట్టుకుంటాయి. పటాలకు, చిన్న పూలకుండీలకు వాడతారు. పసిపిల్ల బరువెంతని? పూలకుండీ అంత లేదు!

కుర్చీ ఎక్కి, సరిగ్గా రెండు దూలాలకు నడిమధ్యన తట్టాడు. డొల్లగా మోగింది. ఆ మోత ఆయనకు బాగా తెలుసు. పెట్టెను విడదీసి పక్కన పెట్టాల్సిన మోత అది.

"ఇదే," అన్నాడు. "ఈ రెక్కల బోల్టు కూడా వెయ్యి, గట్టిగా ఉంటుంది."

అల్లుడు తట్టి చూడలేదు. సీతారామయ్య చెప్పాక తట్టి చూసేవాడు నేపర్‌విల్‌లో లేడు. డ్రిల్ బిట్ వెన్నలోకి దిగినట్టు దిగిపోతే, ఇదేంటి ఇంత ఈజీగా వెళ్ళింది అని ఒక్క క్షణం అనుకున్నాడు గానీ, అడిగితే మర్యాద కాదని ఊరుకున్నాడు. ఆ పూట సీతారామయ్య అన్నం సయించక లేచిపోయాడు.

బారసాల రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. పళ్ళెంలో బియ్యం పోసి విద్య అని పేరు రాశారు. కొండల్ రావు కొత్త పంచె కట్టుకుని ఉయ్యాలకు బాగా దగ్గరగా కుర్చీ వేసుకున్నాడు. అనంతలక్ష్మి వాళ్ళ ఆచారం ఒకటుంది. పిల్లను వేసే ముందు ఉయ్యాల్లో పొత్రాన్ని పడుకోబెట్టాలి. ఆ పొత్రాన్ని ఆవిడ బిట్రగుంట నుంచి చేతిసంచిలో మోసుకొచ్చింది. షికాగో ఎయిర్‌పోర్టులో ఇదేమిటని అడిగిన అధికారికి బేబీ అని చెప్పి, అతను తేరుకునేలోపు దాటుకుని వచ్చింది. ఇప్పుడు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పట్టుగుడ్డ చుట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టింది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. మీనా పక్కనే పిల్లను ఎత్తుకుని నిలబడింది.

సీతారామయ్య కళ్ళు ఉయ్యాల మీద లేవు, కొక్కెం మీద ఉన్నాయి. రాయి సంగతి ఆయన మర్చిపోయాడు. రాయి పూలకుండీ కాదు.

మొదటి ఊపుకు సీలింగు మూలిగింది. పాటలో ఎవరికీ వినబడలేదు, ఆయన ఒక్కడికే వినబడింది. "ఆపండి!" అని ఆయన నోరు తెరిచేలోపు అనంతలక్ష్మి రెండో ఊపు ఊపింది. అప్పుడు సీలింగు ఊడింది. కొక్కెం, రెక్కల బోల్టు, గొలుసులు, ఉయ్యాల, పొత్రం, వాటితోపాటు పీట అంత అట్టముక్క, ధన్‌మని నేలకు దిగాయి. పొత్రం పట్టుగుడ్డతో సహా దొర్లుకుంటూ వెళ్ళి కొండల్ రావు బొటనవేలికి ఒక్క వెంట్రుకవాసిలో ఆగింది. సున్నం దుమ్ము అందరి మీదా కురిసింది. దుమ్ము అణిగేసరికి హాలునిండా తెల్లటి మనుషులు, నోళ్ళు తెరుచుకుని.

"నేను చెప్తనే ఉన్న, దూలం దగ్గర కూసోవద్దని," అన్నాడు తెల్లటి కొండల్ రావు. ఆయన అలా ఎప్పుడూ చెప్పలేదు.

పిల్ల ఏడవలేదు. మీనా చేతుల్లో తుమ్మింది.

అందరూ శ్యామ్‌సుందర్ వైపు తిరిగారు. డ్రిల్ పట్టింది అతనే కదా. "ఇంజనీరువై ఉండి ఒక్క హుక్ సరిగ్గా పెట్టలేకపోయావా? పిల్లని వేసి ఉంటేనో!" అని వసుమతి అరిచింది. శ్యామ్‌సుందర్ తల వంచుకున్నాడు. చోటు చూపించింది మామయ్యగారని అనలేదు. అనడని సీతారామయ్యకు తెలుసు. ఆ నలిగిన చొక్కా మీద దుమ్ము చూస్తుంటే ఆయనకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"అతన్ని ఏమీ అనకండి," అన్నాడు. "దూలం అక్కడ లేదు. లేదని నాకు తెలుసు. తెలిసే చూపించాను."

ఎవరికీ అర్థం కాలేదు. "దూలం కింద పిల్లను పడుకోబెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. పోయినేడు మీనా దూలం కింద పడుకోబట్టే గదా…" అని ఆగిపోయాడు. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట, ముప్ఫై మంది ఎదుట, దుమ్ములో నిలబడింది.

అనంతలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని ఆయన ముందుకు వచ్చింది. "ఏమండీ, మీనాను మనం దేనికి కట్టిన ఉయ్యాల్లో వేశాం?"

"బిట్రగుంట క్వార్టర్లో…"

"క్వార్టర్లో దేనికి కట్టాం? మేఘానికా?"

ఆయన తలమీది దుమ్ము దులుపుకున్నాడు.

"దూలానికి. మీరే బల్లెక్కి ముడేశారు. ముడి మీద నమ్మకం చాలక మీరే దాన్ని పట్టుకుని వేలాడి చూశారు. ఇది రెండేళ్ళు దాని కిందే పడుకుంది. మీరు మీ మంచాన్ని ఈడ్చుకుని మూలకు పోయారు. బిడ్డను మటుకు దూలానికే అప్పజెప్పారు."

సీతారామయ్యకు ఆ ముడి కళ్ళకు కట్టింది, దాన్ని రెండుసార్లు విప్పి కట్టిన సంగతి కూడా. "అప్పుడు నేను ముడినే చూశానే," అన్నాడు చిన్నగా. "కొయ్యను చూడలేదు." అని మీనా వైపు తిరిగి చిన్నపిల్లాడిలా అడిగాడు. "మరి పోయినేడు ఎందుకట్టా అయిందమ్మా?"

మీనా పిల్లతో దగ్గరికి వచ్చింది. "ఎందుకో ఎవరికీ తెలీదు నాన్నా. డాక్టర్‌కి తెలీదు, నాకు తెలీదు. పాపం ఆ దూలానికి అసలే తెలీదు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. దుమ్ము పట్టిన చెంపల మీద చారలు పడ్డాయి. అంతమంది ఉన్నా ఎవరూ ఊరుకోమనలేదు. ఏడాదిన్నర కిందట ఏడవాల్సినవాళ్ళు, ఆలస్యమైందంతే.

తర్వాత ఆయన పంచె ఎగ్గట్టుకుని, ఇంకా విప్పని ఫ్యాను పెట్టె ఈడ్చుకొచ్చి ఎక్కాడు. ఊడిన సీలింగు పక్కన దూలం బయటపడి కనిపిస్తోంది. ఇన్ని నెలలు దాంతో పోట్లాడి ఆయన దాని మొహం చూడడం అదే మొదలు. లేతపసుపు కొయ్య, నడుమ ఒక ముడి, ఎవరో వడ్రంగి పెన్సిలుతో గీసిన గీత. అంతే. వేలి కణుపుతో తట్టాడు. నిండుగా పలికింది.

"ఇదుగో, ఇక్కడ," అన్నాడు.

ఈసారి డ్రిల్ మొరాయిస్తూ, పొట్టు రాలుస్తూ, గట్టిగా దిగింది. శ్యామ్‌సుందర్ కొక్కెం బిగించాడు. సీతారామయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని, పెట్టె మీంచి కాళ్ళు తీసేసి, హాలు నడుమ వేలాడాడు. అటూ ఇటూ ఊగాడు కూడా. దూలం కిక్కురుమనలేదు. కొండల్ రావు కుర్చీని ఎందుకైనా మంచిదని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. పొత్రాన్ని మళ్ళీ వేసి ఊపారు, తీశారు, విద్యను వేశారు. తాత చూపించిన దూలం కింద విద్య కళ్ళు మూసుకుని నిద్రపోయింది.

అందరూ భోంచేసి వెళ్ళిపోయాక శ్యామ్‌సుందర్ మేడమీదికి వెళ్ళి ఇస్త్రీ బల్లకు కాళ్ళు విప్పి, అయిదు నెలల తర్వాత మొదటి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కింద సీతారామయ్య ఉయ్యాల పక్కన నేల మీద చాప పరుచుకుని, ఊపే తాడు బొటనవేలికి చుట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. పైన చిల్లులోంచి దూలం ఆయన్నే చూస్తోంది. ఆయనా దాన్నే చూస్తున్నాడు. భయం పూర్తిగా పోయిందని చెప్పలేం గానీ, మొహం తెలిసినవాడి భయం వేరు.

అనంతలక్ష్మి వంటిల్లు సర్దుకుని, దిండు చంకన పెట్టుకుని వచ్చి, ఆయన నెత్తిన నిలబడింది.

"కాస్త జరగండి," అంది.

ఆయన జరిగాడు. ఎంతైనా చోటుంది.